ముచ్చట్ల గంగమణి

"గంగమణక్కా! నోటికి కాదు, కాళ్లకు పని చెప్పు!"

స్టీవెన్ అరుపుకి క్లాసంతా గొల్లుమంది.

గంగమణి కూడా నవ్వింది. కానీ ముచ్చట ఆపలేదు.

"రామ్‌దాసన్నా, ఇయ్యాల ఇంట్ల ఏం కూర?"

"పుంటికూర," చేతులూపుతూ, గబగబా అడుగులేస్తూ చెప్పాడు రామ్‌దాస్.

"పప్పుల ఏసిండ్రా, ఉత్తదేనా?"

"పప్పు... పప్పుల."

స్టీవెన్ పళ్లు నూరుకుంటూ రెండు విజిల్స్ వేశాడు. అందరూ వేగం తగ్గించారు.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో, ఓ ఫంక్షన్ హాల్ ముందున్న ఖాళీ జాగాలో పొద్దున్నే జరిగే వ్యాయామం క్లాసు అది. ఒక విజిల్ వేస్తే జోరు. రెండు వేస్తే నెమ్మది. మళ్లీ జోరు, మళ్లీ నెమ్మది.

కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ కోచ్ స్టీవెన్ మొదటిరోజే ఒక సూత్రం చెప్పేవాడు.

"జోరుల కూడా పక్కోళ్లతోని మాట్లాడనీకి రావాలె. మాట రాలేదంటే ఒళ్లు ఒప్పుకుంటలేదని లెక్క. ఆగిపోవాలె."

విన్నవాళ్లు తలూపేవాళ్లు. ఆ తర్వాత అది చెప్పినవాడికి కూడా గుర్తుండేది కాదు.

గంగమణి చేరి రెండు నెలలైంది. చేసే వ్యాయామం తక్కువ, పెట్టే ముచ్చట్లు ఎక్కువ. అవీ స్నేహితులతో కాదు. ఎవరు మౌనంగా చేస్తుంటే వెళ్లి వాళ్ల పక్కన చేరేది. జవాబు ఆలస్యమైతే, "ఏమాయె? జర కూసో" అని రెక్క పట్టుకుని కుర్చీలో కూలేసేది.

స్టీవెన్‌కి ఒళ్లు మండేది.

ఆ రోజు మరీ మండింది. బస్టాండ్ దగ్గర పెద్ద హాల్ ఇస్తామన్నవాళ్లు క్లాసు వీడియో పంపమన్నారు. అది వాళ్లకి నచ్చితే ఎండకూ వానకూ భయపడాల్సిన పని ఉండదు. ఎన్నేళ్లుగానో అతను కంటున్న కల అది.

తీసిన వీడియోను అక్కడే పెట్టి చూశాడు. అందులో అతని గొంతు లేదు. విజిల్ లేదు.

పుంటికూర ఉంది.

"అక్కా, ఇది క్లాసా, కూరగాయల అంగడా?"

"గట్లంటవేంది సారూ?"

స్టీవెన్ గోడకు కట్టిన బ్యానర్ వైపు వేలు చూపించాడు. పసుపు టీషర్టు వేసుకున్న ఒకాయన, చేతిలో బహుమతి కప్పుతో, పెదవులు విప్పకుండా నవ్వుతున్నాడు. ఆ కప్పు ఇచ్చిందీ, ఆ ఫొటో తీసిందీ స్టీవెనే.

"గాయన ముత్తన్న. నా బెస్ట్ మెంబర్. ఎన్నడన్న నోరిప్పిండా? నేను ఆపమనేదాంక ఆగకపోతుండె. గాయనను చూసి నేర్చుకో!"

రోజూ పక్క ఊరి నుంచి మొదటి బస్సుకే వచ్చే ఆ ముత్తన్న ఎండాకాలంలో ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కప్పు దొరికింది, మోజు తీరింది అనుకున్నాడు స్టీవెన్.

గంగమణి బ్యానర్ వైపు చూడలేదు.

"నువ్వన్న ఒక్కసారి ఆయనను మాట్లాడియ్యకపోతివా సారూ?" మెల్లగా అడిగింది.

"నాకేం పని లేదా? ఇయ్యాల్టికి ఇంటికి పో అక్కా. నీకు దండం పెడత. వీడియో తీసుకోనియ్యి."

ఆమె చెప్పులేసుకుంది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"రామ్‌దాసన్న దిక్కు జర సూస్తుండు సారూ."

స్టీవెన్ అప్పటికే ఫోన్‌ని స్టాండుకు బిగిస్తున్నాడు.

ఈసారి వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. ఒక్క విజిల్‌కి అడుగులన్నీ కలిసి లేచాయి. ఒక్కరూ మాట్లాడలేదు. రామ్‌దాస్ అయితే పెదవులు బిగబట్టి, చూపు తిప్పకుండా చేస్తున్నాడు.

"శభాష్ రామ్‌దాసన్నా! అచ్చం ముత్తన్న లెక్కనే!"

రామ్‌దాస్ పలకలేదు.

విజిల్ మళ్లీ నోట్లో పెట్టుకునేలోపే, ముందుకు తూలి నేలమీద పడిపోయాడు.

బతికాడు. గుండెకు స్టెంట్ వేశారు. ఇక మీదట బరువు ఎత్తొద్దన్నారు, మెట్లెక్కొద్దన్నారు.

ఆసుపత్రి మంచం పక్కన తల దించుకుని కూర్చున్న స్టీవెన్‌ని చూసి రామ్‌దాసే ముందు నోరు విప్పాడు.

"నాదే తప్పు సారూ. ఛాతీల పట్టేసినట్టయింది. అందరు చేస్తుంటే నేనొక్కణ్ణి ఎట్ల ఆగాలె అని సిగ్గయింది. గంగమణక్క ఉంటే కూసోబెడుతుండె. జవాబియ్యకుంటే ఊకుంటదా ఆమె?"

స్టీవెన్ తలెత్తాడు.

రెండు నెలలుగా తన సూత్రాన్ని క్లాసులో ఒక్క మనిషే పాటిస్తోంది. ఆ మనిషినే బయటికి పంపాడు.

"ఏడుంటదన్నా ఆమె?"

"ఇన్నొద్దులు బిడ్డ ఇంట్ల ఉండె. గా రోజే బోధన్ పోయిందట, సొంతింటికి."

చెరుకు ట్రాక్టర్లను దాటుకుంటూ బోధన్ చేరాడు స్టీవెన్. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాడు.

తలుపు తీసిన గంగమణి అతన్ని లోపలికి కూడా రమ్మనలేదు. పడిపోయిన సంగతి ఆమె దాకా వచ్చినట్టుంది, మొదటి మాటే అది అడిగింది.

"రామ్‌దాసన్న మాట్లాడుతున్నడా?"

"మాట్లాడుతుండు అక్కా. మంచిగనే ఉన్నడు."

ఆమె తలుపుకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"తప్పయింది. మల్ల రా అక్కా క్లాసుకు."

"మల్లొస్తే నోరు మూసుకోవాల్నా?"

"వద్దు. నువ్వు మాట్లాడితేనే క్లాసు." గొంతు సవరించుకున్నాడు. "గంత పట్టుబట్టి అందర్నెందుకు మాట్లాడిస్తుంటివి అక్కా? నీకెవరు చెప్పిండ్రు?"

గంగమణి పక్కకు జరిగి దారిచ్చింది. "కూసో, మంచినీళ్లు తెస్త," అని లోపలికి వెళ్లింది.

స్టీవెన్ కూర్చోబోతూ గోడ వైపు చూశాడు.

దండ వేసిన ఫ్రేములో, పసుపు టీషర్టు వేసుకుని, చేతిలో కప్పుతో, తను తీసిన ఆ ఫొటోలోనే, ముత్తన్న పెదవులు విప్పకుండా నవ్వుతున్నాడు.