వేళ్లకు కట్టు

"ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకి చెప్పేశావా? నన్నొక్క మాట అడగాలనిపించలేదా?" అని భార్య నిలదీసింది.

ఆమె విసురుగా వంటింట్లోకి వెళ్లి క్యాబేజీ తరగడం మొదలుపెట్టింది. అతనికి కాలు నిలవలేదు. గుమ్మం దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

"వేళ్లు లోపలికి మడుచుకో, తెగుతాయి. ఆ గ్లౌజులు కొన్నది షోకుకా?"

ఆమె తలెత్తలేదు. కోపం కొద్దీ కత్తి జోరు పెంచింది. మరుక్షణం క్యాబేజీ ముక్కలు ఎర్రబడ్డాయి.

అతను పరుగున వెళ్లి ఆమె ఎడమచేతిని కుళాయి కింద పెట్టాడు. శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టాడు. రక్తం ఆగాక తెగిన మూడు వేళ్లకీ కలిపి కట్టు కట్టాడు.

"నొప్పిగా ఉందా? పోనీ, తిట్టు. ఏదో ఒకటి అను!"

ఆమె మొహం తిప్పుకుంది. కాగితం, పెన్నూ తెచ్చిస్తే విసిరికొట్టింది.

పోట్లాట ఆగిపోయింది. ఒకరకంగా అతను గెలిచినట్టే. అయినా కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. చివరికి ఓనరుకి ఫోన్ చేశాడు.

"ఇల్లు ఇప్పుడే ఎవరికీ ఇస్తానని మాటివ్వకండి. మా ఆవిడ ఇంకా ఏమీ తేల్చలేదండీ. గొంతు ఆపరేషనయ్యాక ఆమె మాటలన్నీ చేతులతోనే కదా. ఇవాళ వేళ్లు తెగాయి. కట్టు విప్పాక నన్ను తిట్టాల్సినవి తిట్టి, తన మాట చెబుతుంది. అప్పుడు మీకు చెబుతాను."

వంటింట్లో గరిటెతో గిన్నె మీద గట్టిగా ఒక దెబ్బ పడింది. వెంటనే ఇంకొకటి.

"ఇదిగో, అప్పుడే మొదలుపెట్టేసిందండీ," అన్నాడు అతను. ప్రాణం లేచొచ్చింది.