కుదరని నీళ్లు

నా భార్య లవోన్ మంచం ఎదుట చేపల తొట్టి పెట్టి తొమ్మిది వారాలైంది. అడుగున మెత్తటి ఇసుకే పోశాను. గులకరాళ్లయితే బుల్లి జెల్లల మీసాలు అరిగిపోతాయి. ఎంచుకున్న ఆరు జెల్లలు మాత్రం ఇంకా దుకాణంలోనే ఉన్నాయి.

"ఎప్పుడు తెస్తావు, వెర్నన్? ఆ ఆరింటినీ చూడందే పోనని నర్సుకి మాటిచ్చాను."

కొత్త తొట్టిలో రోజూ నాలుగు చుక్కల అమ్మోనియా వేస్తాం. దాన్ని హరాయించుకోవడం నేర్చాకే నీళ్లు చేపలకి పనికొస్తాయి. చుక్కలు వేసిన మర్నాడు పరీక్ష గొట్టంలో పసుపు రంగొస్తే కుదిరినట్టు, ఆకుపచ్చయితే విషం.

గొట్టం ఎత్తి చూపించాను. ఆకుపచ్చగానే ఉంది. "తొందరపడితే చస్తాయి, లవోన్."

"ముప్పై ఏళ్లుగా చేపలు పెంచుతూ, నీళ్లు కుదర్చడానికి తొమ్మిది వారాలా?" అని నవ్వబోయి, నొప్పికి పళ్లు బిగించింది.

నీళ్లు మూడు వారాల కిందటే కుదిరాయి. చేపల్ని చూశాక లవోన్ ఇక ఆగదేమోనని, రోజూ ఆమె లేవకముందే చుక్కలు వేసి, లేచాక వెంటనే పరీక్ష చేస్తున్నాను.

దుప్పటి సర్దుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నాకు నిద్ర పట్టి మూడు వారాలైంది, వెర్నన్. నీకు సిగ్గవుతుందని కళ్లు మూసుకునే ఉంటున్నాను. రేపు మాత్రం ఆ చుక్కలు వెయ్యకు."