హద్దురాయికి కాపలా

చిన్న మంగళారంలో సాయిదీప్ కొన్న ఫామ్‌హౌస్ గేటుకు ఒకటే కెమెరా. హద్దురాయికి మాత్రం రెండు. ఎవరినీ నమ్మకూడదన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అతనికి నేర్పిన మొదటి పాఠం. పైగా, రాయిని పక్కకు జరపడం ఎంత సులువో అతనికి బాగా తెలుసు.

తెల్లవారితే ఆ రాయి వెంబడే ప్రహరీకి పునాది. గోడ లేచేదాకా అది కదలకుంటే చాలు. రాయికి అవతలి చేను నిర్మలమ్మది. అందుకే ఆమె చల్ల చెంబుతో లోపలికి రాగానే అతని చూపు ముందు ఆమె చేతుల మీద పడింది. గడ్డపార ఏమీ లేదు.

పునాది పూజకు చుట్టాలు వస్తారని అతను హాల్లో కొత్త లైటు బిగించబోతున్నాడు. స్విచ్ ఆపి స్టూలెక్కాడు.

"సారూ, స్విచ్ ఒక్కటే బంద్ చేస్తే కాదు. మెయిన్ దించు. మా ఆయన గిట్లనే వైరు పట్టుకున్నడు. ఆ చెయ్యి ఇప్పటికి గూడ లేస్తలేదు."

ఊరివాళ్ల చాదస్తం అనుకుంటూనే మెయిన్ దించాడు.

"మరి ఇన్వర్టర్?"

"అదెందుకవ్వా?"

"మెయిన్ పోతే లైట్లకు కరెంటిచ్చేది అదే గద బిడ్డా. పానం కంటె ఎక్కువనా?"

ఈ మాట సబబుగానే తోచింది. దాన్నీ ఆపాడు.

"ఆ టెస్టర్ మంచిదేనా? ముందు చూసుకున్నవా?"

చూసుకోలేదు. మళ్లీ మెయిన్ ఎత్తి, ప్లగ్గులో టెస్టర్ వెలగడం చూసి, మళ్లీ దించాడు. లైటు వైర్లకు ఒక్కొక్కదానికి ఆనించాడు. ఎక్కడా వెలగలేదు.

"ఎవరన్న తెల్వక మెయిన్ ఎత్తుతరేమో. నేను బోర్డు కాడ కూసుంట. ఫికర్ చెయ్యకు, నిమ్మలంగ బిగించుకో."

చిల్కూరు దారిలో వందసార్లు కారు నడిపినా ఒక్కసారీ గుడి ముందు ఆగని సాయిదీప్‌కు, దేవుడు ఉన్నాడేమోనన్న అనుమానం ఆ పూట మొదటిసారి కలిగింది. నిమ్మళంగానే బిగించుకున్నాడు.

నిర్మలమ్మ తన చేత్తోనే మెయిన్ ఎత్తింది. హాలంతా వెలుగు. ఇన్వర్టర్ పలికింది. గోడ మీది తెరలో కెమెరాల బొమ్మలు ఒక్కొక్కటే తేరుకున్నాయి.

రాయి ఉండవలసిన చోట గుంట ఉంది. రాయి ఆరడుగులు ఇవతలికి వచ్చి, పసుపు కుంకుమలతో నిలబడి ఉంది. నిర్మలమ్మ మరిది అంతయ్య గడ్డపార పక్కన పెట్టి ఊరి పెద్దలకు కొబ్బరి ముక్కలు పంచుతున్నాడు.

"పట్టపగలు హద్దురాయి పెరుకుతరా? ఇప్పుడే పోలీసులకు చెప్త," అంటూ ఫోను తీశాడు సాయిదీప్.

"చెప్పు సారూ," అన్నది నిర్మలమ్మ, ఖాళీ చెంబు అందుకుంటూ. "పోయిన దసరాకు మేం యాత్రకు పోయినప్పుడు నువ్వు దాన్ని యాడికెళ్లి పెరికి మా చేన్ల పాతినవో, మళ్ల గాడనే పెట్టినమని గూడ చెప్పు."