నాలుగో ఫలం

డబ్బా మూత తీశాడు. వాసన చూశాడు. వాంతి వచ్చినట్టు మొహం పెట్టి, లోపలి త్రిఫల చూర్ణాన్నంతా దుకాణం ముందున్న నాలాలోకి ఒంపేశాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో, పట్టపగలు, తక్కిన కొనుగోలుదారుల సమక్షంలో జరిగిన ఈ ఘోరావమానాన్ని, గల్లాపెట్టె సింహాసనం మీంచి పట్టాభి కళ్ళారా చూశాడు.

"ఏవండీ! కొనుక్కున్న మందు కాలవలో పోస్తారేంటండీ?"

"కొన్న గద సార్. ఇగ ఏడ పోస్తే ఏంది?"

నలభై దాటిన మనిషి. చొక్కా నలిగి ఉంది. చేతికి మాత్రం మంచి గడియారం.

"బూజు వాసనొస్తుంది. గీ సరుకు మొత్తం వాపస్ తీస్కోండ్రి సార్. కడుపులకు పోతే పరేషానైతది."

"చెప్పడానికి తమరెవరు?"

ఆ మనిషి ఖాళీ డబ్బాకు మూత పెట్టాడు.

"ఇప్పటికైతే ఎవ్వణ్ణి గాదు."

పట్టాభి పకపక నవ్వాడు.

నవ్వడానికి ఆయనకు అర్హత ఉంది. 'పట్టాభి దివ్యౌషధ నిలయం'లో 'నాణ్యతా పరీక్షా విభాగం' అని ఒక బోర్డు వేలాడుతోంది. ఆ విభాగానికి అధిపతీ, సిబ్బందీ, పరికరమూ ఒక్కటే: పట్టాభి ముక్కు. ఆ ముక్కు దీర్ఘకాలపు పడిశంతో మూసుకుపోయి, సకల మూలికలనూ సమదృష్టితో ఆదరించేది.

తెలంగాణ కోసం ప్రభుత్వోద్యోగులు సైతం పని మానేసిన సకల జనుల సమ్మె రోజులవి. ఆ మనిషి రాకకు కొన్నాళ్ళ ముందు, నల్లమల నుంచి బయలుదేరిన కరక్కాయల లారీ రాస్తారోకోలో చిక్కి, తుర్కయంజాల్ దగ్గర రోజుల తరబడి వానలో నానింది. ఎట్టకేలకు దుకాణం చేరిన బస్తా విప్పగానే, మూలికలు దంచే సైదమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"థూ! పచ్చగ బూజు పట్టింది సార్. పురుగులు లుకలుకమంటున్నయ్. సచ్చిన ఎలుక కంపు."

"దులిపి, ఎండబెట్టి దంచు. పచ్చకర్పూరం కాస్త దండిగా వెయ్యి."

"ఎవరన్న తనిఖీకొస్తే?"

"ఎవరొస్తారు సైదమ్మా? ఆఫీసులన్నిటికీ తాళాలు. మీ ఉద్యమం పుణ్యమా అని ఇన్‌స్పెక్టర్ల పీడ విరగడైంది!"

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ప్రాచీన ఋషులు మూడింటితో తృప్తిపడ్డారు. పట్టాభి మహర్షి నాలుగో ఫలాన్ని జతచేశాడు: బూజు.

ఆ మనిషి మర్నాడూ వచ్చాడు. ఆ తరువాతా వచ్చాడు. అదే సరుకు అడగడం, చేతిలో ఉన్న డబ్బుకు వచ్చినన్ని డబ్బాలు కొనడం, నాలాలో ఒంపడం. నగరంలోని సమస్త మాలిన్యాన్నీ కిమ్మనకుండా భరించే ఆ నాలా కూడా, ఈ చూర్ణం పడగానే నురగలు కక్కేది.

కొన్నాళ్ళకు ఆ చేతికి గడియారం కనబడలేదు. మణికట్టు మీద తెల్లటి గీత మిగిలింది.

"తాగుబోతు వెధవ," అన్నాడు పట్టాభి రోతగా. మళ్ళీ తనే దిద్దుకున్నాడు. "కాదు, ఇది కుట్ర. గుంటూరు వాణ్ణని నా పరువు తీస్తున్నాడు."

"పైసలిచ్చి మరీ తీస్తడా సార్ పరువు?" అంది సైదమ్మ.

పట్టాభి వినిపించుకోలేదు. ఆయన అసలు భయం చౌరస్తాలోని రిలే దీక్షల టెంటు. అక్కడి కుర్రాళ్ళకు కోపం వస్తే తన దుకాణం అద్దాలు మిగలవు. ఆ భయంలోంచి ఒక మహా దానగుణం పుట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం, మిగిలిన డబ్బాలన్నీ మోయించుకుని స్వయంగా టెంటుకు వెళ్ళాడు.

"దీక్ష విరమించగానే గోరువెచ్చని నీళ్ళతో పుచ్చుకోండి. పేగులు గంగలో కడిగినట్టుంటాయి. జై తెలంగాణ!"

"సల్లగుండు సారూ," అన్నాడు టెంటు పెద్ద లచ్చయ్య. "మీ అద్దం మీద ఈగ వాలితే నన్నడుగు."

సాయంత్రం ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

"మిగిలినయన్నీ ఇయ్యండ్రి సార్."

"ఒక్కటీ లేదు. దీక్షా శిబిరానికి సమర్పించేశాం. ఈపాటికి పుచ్చుకునే ఉంటారు."

ఆ మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఎంత పని జేసినవ్ సార్!"

పరుగెత్తాడు.

కాసేపటికి అటునుంచి కేకలు. పట్టాభి వెళ్ళి చూశాడు. రోజంతా ఖాళీగా ఉన్న కడుపులు ఆయన దివ్యౌషధాన్ని తివాచీల మీదికి, పూలదండల మీదికి, ఒకరి ఒళ్ళో ఒకరికి తిరిగి సమర్పిస్తున్నాయి. కర్పూరం కలిసిన ఆ పుల్లటి కంపు పట్టాభి ముక్కును సైతం తెరిచింది.

ఆ మనిషి ఒక ముసలాయన తలను తన రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు. చొక్కా నిండా వాంతి.

"మలక్‌పేట దవాఖానకు పోనియ్! గీ డబ్బ గూడ పట్కపో, డాక్టరుకు చూపెట్టు!"

ఆటోలు కదిలాయి. మిగిలిన కుర్రాళ్ళ చేతుల్లోకి రాళ్ళొచ్చాయి. ఆ మనిషి అడ్డం నిలబడ్డాడు.

"రాళ్ళు పడేయుండ్రి. దుకాణం ముట్టొద్దు. లోపలున్న బస్తాలు నాకు గావాలె."

రాళ్ళు కింద పడ్డాయి. పట్టాభి చేతులు జోడించాడు.

"బతికించారండీ! తమరి మేలు మరువను."

ఆ మనిషి ఆయన వైపు చూడలేదు. చేతులు తుడుచుకుని లచ్చయ్య వైపు తిరిగాడు.

"అన్నా, తెలంగాణ వచ్చేదాక పెన్ను ముట్టనంటి. మాట తప్పుతున్న. జర పెన్నియ్యి. దుకాణానికి సీలేసే కాయిదం రాయాలె."

లచ్చయ్య జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

"ఎవరండీ ఈయన?" అని లచ్చయ్యను అడిగాడు పట్టాభి.

"గజేందర్ సార్. మందుల ఇన్‌స్పెక్టరు. మాతోని సమ్మెల ఉన్నడు."

తనిఖీకి ఎవరూ రారని పట్టాభి నిశ్చింతగా ఉన్న అన్నాళ్ళూ, జీతం లేని ఆ ఇన్‌స్పెక్టరు గడియారం అమ్ముకుని మరీ తనిఖీకి వస్తూనే ఉన్నాడు.