పదిహేడో నియమం

"నాలుగో నియమం?" అంటూ లీడర్ ఎర్ర పెన్ను ఎత్తింది.

"తీసేయండి మేడం," అన్నాడు కోడ్ రాసే రాకెట్. అతని వేగం చూసి టీమ్ పెట్టిన పేరది.

"ఉంచండి మేడం," అంది ఎదురు కుర్చీలోని టెస్టర్. ఆమెకి టీమ్ పెట్టిన పేరు భూతద్దం. "ఈయన కోడ్‌కి కళ్లెం ఉండాల్సిందే."

"పున్నమి చంద్రుణ్ణి చూపించినా ఈవిడగారు మచ్చలే లెక్కపెడతారు మేడం!"

"మచ్చలుంటే నా తప్పా?"

లీడర్ నుదురు రుద్దుకుంది. ఈ టీమ్‌కి ఆమె సోమవారమే వచ్చింది. ఇక్కడ ప్రోగ్రాంలో చిన్న మార్పు బయటికి వెళ్లాలన్నా నలభై నియమాలు దాటాలి; పూటలో తేలే పనికి వారం పడుతోంది. సాయంత్రంలోగా వాటిని పదికి కుదిస్తే సరే, లేకపోతే పాత పద్ధతే గతి అని మేనేజర్ తేల్చేశాడు. తప్పుని ఆపేవి నియమాలుగా ఉండాలి, మిగతావి సలహాలైపోవాలి. అనుకోవడానికి తేలిగ్గానే ఉంది. కానీ వీళ్లిద్దరూ ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెం.

మూడింటికి తొమ్మిది నియమాలు తేలాయి. ఇంకొక్కదానికే చోటుంది; తేలాల్సిందీ ఒక్కటే మిగిలింది.

"పదిహేడు," అని చదివింది. "విడుదలకు ముందు, రాసినవారూ పరీక్షించినవారూ కంప్యూటర్లు వదిలేసి, డాబా మీద పది నిమిషాలు మాట్లాడుకోవాలి. ఇదేం విడ్డూరం! సలహాల్లో వేసేద్దాం. ఇష్టమైతే వెళ్తారు."

"వద్దు మేడం!" రెండు గొంతులూ ఒక్కసారే లేచాయి.

మూలనున్న డిజైనర్‌కి పొలమారింది. ఇంకొకాయన కిటికీలోంచి ఆకాశాన్ని మహా శ్రద్ధగా చూడసాగాడు.

"ఇష్టమైతే అంటే పని ఒత్తిడిలో ఎవరు కదులుతారు మేడం?" అన్నాడు రాకెట్. నియమమంటేనే గిట్టని రాకెట్!

"ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టినవాళ్లని మన ప్రోగ్రాం లోపలికి రానివ్వట్లేదని ఈయనకి అక్కడే తట్టింది," అంది భూతద్దం. "స్క్రీన్ ముందు వెలగనిది గాలి తగిలితే వెలుగుతుంది మేడం."

లీడర్ మురిసిపోయింది. ఉప్పూ నిప్పూ ఒక్క మాట మీదికి వచ్చాయంటే అది బంగారంలాంటి నియమమే! పదో అంకె వేసి రాసేసింది. నాలుగున్నరకల్లా మేనేజర్ సంతకం కూడా పడింది.

ఆనాటి మార్పు సిద్ధం కాగానే ఇద్దరూ డాబాకి బయల్దేరారు. మెట్ల మీద కూడా కీచులాటే.

లీడర్‌కి గుబులు పట్టుకుంది. పక్క సీటు పెద్దాయన వైపు వంగింది. "ఏమండీ, పైన కొట్టుకోరు కదా? మధ్యవర్తిగా మూడో మనిషి తప్పనిసరి అని కూడా చేర్చేద్దామా? ఇవాళ్టికి నేనే వెళ్తాను."

ఆమె లేచేసరికి, చక్రాల ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే దొర్లుకుంటూ వచ్చి దారికి అడ్డుపడ్డాడు పెద్దాయన.

"అంత పని చేయకమ్మా తల్లీ!"

"ఏం?"

"వాళ్ల పెళ్లయి పన్నెండు రోజులే."