ఎనిమిది దాటి రెండు నిమిషాలు

లారీ ఊరి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది దాటి రెండు నిమిషాలయింది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా భారీ వాహనాలు ఊళ్లోకి పోకూడదు.

డ్రైవర్ గడియారం వంక చూశాడు. జేబులో ఫోను స్పీకర్ మీద ఉంది. అవతల యజమాని. లారీ కదిలినప్పటి నుంచీ ఆయన ఫోను పెట్టేయలేదు. పనివాళ్ల మీద ఆయనకు అంత ప్రేమ.

దారిలో డ్రైవర్ అద్దం తుడవడానికి ఒకసారి, టైర్లు తట్టి చూడటానికి రెండుసార్లు ఆగాడు. మహా జాగ్రత్తపరుడు.

నిన్న ఒక్క పూట సెలవు అడిగాడు. ఇవాళ బడిలో కూతురి నాటకం.

“ఏం వేషం?” అన్నాడు యజమాని.

“చెట్టండీ.”

“మాటలున్నాయా?”

“లేవండీ. ఊగుతుందంతే.”

“దారి పొడుగునా చెట్లే కదయ్యా, చూసుకుంటూ పో!”

తన చమత్కారానికి తనే పడీపడీ నవ్వుకున్నాడు. డ్రైవర్‌కు ఒళ్లు మండిపోయింది. కూతురు మేలుకుని ఉండగా అతను ఇంట్లో ఉండి రెండు నెలలైంది.

గేటు దగ్గర కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆపు! టైమెంత?”

“రెండు నిమిషాలే కదా సార్, వదిలెయ్యండి.”

“ఎనిమిదంటే ఎనిమిదే. నీకోసం గడియారం వెనక్కి తిప్పమంటావా?”

“టైల్స్ లోడు సార్. మేస్త్రీలు కాచుక్కూర్చున్నారు.”

“కూర్చోనీ. వాళ్లూ కాస్త నడుము వాలుస్తారు.”

జేబులోంచి యజమాని గొంతు లేచింది. “ఆయన చేతిలో ఏదో ఒకటి పెట్టి పోరా!”

“లంచమా? నాకా?” కానిస్టేబుల్ ఉరిమాడు. “ఎవడ్రా ఆ మాటన్నది? లారీతో పాటు వాణ్నీ లోపలేస్తా!”

పక్కన టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు దించి చూశారు. ఆ గేటు పుట్టాక అక్కడ అలాంటి మాట వినపడటం అదే మొదలు.

పులిలా గాండ్రించే యజమాని పిల్లిలా అయిపోయాడు. “సర్లే... రాత్రి తొమ్మిది దాకా అక్కడే పడి ఉండు. లోడు జాగ్రత్త.”

“నా ఖర్మండీ,” అన్నాడు డ్రైవర్ నీరసంగా.

ఫోను కట్టయింది. డ్రైవర్ లారీని పక్కనున్న ఖాళీ స్థలంలోకి తిప్పి, తాళం వేసి దిగాడు. కానిస్టేబుల్ లాఠీ ఊపుకుంటూ అతని దగ్గరికే వచ్చాడు.

ఫోను నిజంగానే కట్టయిందా అని ఒకటికి రెండుసార్లు చూసి, తన బండి తాళాలు అతని చేతిలో పెడుతూ, “ఇంకా నిలబడ్డావేంటి బావా, లారీ నేను చూసుకుంటా గానీ తొందరగా వెళ్లు, అక్క ముందు వరసలో నీకు కుర్చీ పట్టి ఉంచింది!” అన్నాడు.