చేటంత గీత

"మళ్ళీ చేటంతే!" అన్నాడు పెద్దల్లుడు పెదవి విరుస్తూ. లోపల మాత్రం చక్కెర తిన్నంత హాయిగా ఉంది.

తెర మీద గీత వెడల్పుగా పరుచుకుని ఉంది. చిన్నల్లుడు దాన్నే చూస్తూ నుదురు రుద్దుకున్నాడు.

"గ్రేటింగ్ మళ్ళీ సరిచేశాను అన్నయ్యా. మరలన్నీ బిగించాను. ఎక్కడ తప్పుతోందో అంతు చిక్కట్లేదు."

"అంత తేలిగ్గా చిక్కితే అందరూ చేసేద్దురు."

ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు, ఒకే లేజర్ల కంపెనీలో ఇంజనీర్లు. వాళ్ళు చేసే డయోడ్ లేజర్లకు బలం దండిగా ఉంటుంది గానీ నిలకడ ఉండదు. కాంతి ఒక్క రంగు మీద నిలవకుండా పక్క రంగుల్లోకి పాకుతుంది. అందుకని డయోడ్ బయట గ్రేటింగ్ అనే గీతల అద్దం పెట్టి, వచ్చిన కాంతిలో కొంత దానికే తిప్పి పంపుతారు. తన గొంతు తాను విని శ్రుతి సవరించుకునే పాటగాడిలా లేజర్ కుదురుకుంటుంది. ఈ సరంజామా అంతా ఒక పెట్టెలో అమరుతుంది.

కుదురుకుందో లేదో తేల్చడానికి రెండు పెట్టెల కాంతిని కలిపి చూస్తారు. రెండూ నిలకడగా ఉంటే తెర మీద గీత సూదిలా వస్తుంది. వణుకు ఉంటే చేటంత అవుతుంది. కంపెనీలో మొదటి పెట్టె పెద్దల్లుడిదే. దానికి షీల్డు కూడా ఇచ్చారు. ఆ తర్వాత ఏ పెట్టె వచ్చినా దాని సరసన నిలబడి పరీక్ష నెగ్గాల్సిందే. ఇప్పటిదాకా ఒక్కటీ నెగ్గలేదు.

అసలు ఈ కుర్రాణ్ణి మరదలికి కుదిర్చింది పెద్దల్లుడే. కొరివితో తల గోక్కున్నట్టయింది. ఇప్పుడు అత్తగారింట్లో కుళాయి కారినా చిన్నల్లుడే కావాలి. చివరికి కట్టుకున్న భార్య కూడా, "మా మరిదిగారు ఎంత నెమ్మదస్తుడండీ! ఒక్కసారైనా గొంతు పెంచడు" అంది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

పైగా ఊపిరితిత్తుల ఫొటోలు తీసే యంత్రాల కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరు ఇవ్వబోతోంది. ఎవరి పెట్టె ఎంపికైతే వాళ్ళే ఆ విభాగానికి పెద్ద. ఆ కుర్చీ కూడా వాడికే పోతే, ఇక అత్తగారింట్లో తనను కూర్చోమనే దిక్కు కూడా ఉండదని పెద్దల్లుడి భయం.

చీఫ్ మేడమ్ కాగితాలతో లోపలికి వచ్చారు. "ఏం తేలింది?"

"మా తమ్ముడు చాలా కష్టపడ్డాడు మేడమ్. పాపం, ఇంకా చెయ్యి తిరగలేదు."

"అయితే మీ పెట్టెకే సంతకం పెట్టేస్తాను" అంటూ ఆవిడ కలం మూత తీశారు.

"ఒక్క నిమిషం మేడమ్. అదే పద్ధతిలో ఇంకోటి కూడా చేశాను. దాన్నీ చూస్తే..." చిన్నల్లుడు నసిగాడు.

"చూద్దాం, అన్నయ్యగారి పెట్టెతో కలపండి."

కలిపాడు. మళ్ళీ అంతే వెడల్పు. గీతతో పాటు పెద్దల్లుడి మొహం కూడా చేటంతైంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ కడుపుమంట అంతటితో చల్లారుతుందా? వాడి పని మేడమ్ ముందే పూర్తిగా తేలిపోవాలి. ఆ సంగతి ఎలాగోలా అత్తగారి చెవిన పడాలి.

"నీ రెండిటినీ ఒకదానితో ఒకటి కలుపు తమ్ముడూ. దొందూ దొందే అని మేడమ్ కళ్ళారా చూస్తారు."

"రెండూ తప్పైతే గీత ఇంకా వెడల్పొస్తుంది అన్నయ్యా."

"రానీ. తప్పెక్కడుందో తెలిస్తే నీకే మంచిది కదా!"

పెద్దల్లుడు తన పెట్టె కేబుల్ తనే ఊడదీసి, దాన్ని పసిబిడ్డలా ఎత్తి షీల్డు పక్కన పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చిన్నల్లుడు తన రెండు పెట్టెల కేబుళ్ళూ తగిలించాడు. తెర మీద గీత ఒక్కసారి ఊగింది. ముడుచుకుంది. సూదిలా నిలబడింది.

మేడమ్ కలానికి మూత పెట్టేసి, మెల్లగా వెనక్కి తిరిగి, షీల్డు పక్కనున్న పెట్టె వైపు చూశారు.

ఇన్నాళ్ళూ వణికింది అదే.